విండోస్ వేశాక ఉబుంటు కనిపించకపోతే: ముందు చూడండి, తర్వాతే చెయ్యి పెట్టండి

మీరు అడిగింది ఇదీ. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఏడాదిగా ఉబుంటు 24.04 వాడుతున్నారు. కాలేజీ ల్యాబ్‌కి కావలసిన ఒక సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుందని 150 జీబీ ఖాళీ చేసి అందులో విండోస్ 11 వేశారు. అప్పటి నుంచి ఆన్ చేస్తే నేరుగా విండోసే వస్తోంది. ఫైనలియర్ ప్రాజెక్టు కోడ్ అంతా ఉబుంటులో ఉండిపోయింది. "లైనక్స్ పోయింది, మళ్లీ వేసుకో" అని ఫ్రెండ్ అన్నాడు.

మీరు చెప్పినట్టు ఖాళీ చేసిన చోటే విండోస్ వేసి ఉంటే, ఉబుంటు పోలేదు. దయచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా పిన్ని కొడుక్కి ఇదే జరిగింది. కంగారుపడి దగ్గర్లోని రిపేర్ షాపుకి తీసుకెళ్తే వాళ్లు డిస్క్ మొత్తం ఫార్మాట్ కొట్టి చేతికిచ్చారు. మూడేళ్ల ఫొటోలు, సగం రాసిన థీసిస్ పోయాయి. ఆ తర్వాత వాడు చెప్పింది విన్నప్పుడు, బూట్ వరుసలో (ఆన్ చేయగానే ఏది ముందు రావాలో చెప్పే జాబితాలో) ఒక పేరు పైకి జరిపితే సరిపోయేదేమో అని నాకు అనిపించింది. పోయినవి ఎలాగూ రాలేదు.

అసలు ఏం జరిగిందో ముందు తెలుసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లన్నీ యూఈఎఫ్‌ఐ (మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేర్ ఓఎస్‌ని మొదలుపెట్టే కొత్త తీరు) పద్ధతిలో బూట్ అవుతాయి. డిస్క్‌లో ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక చిన్న పార్టిషన్ (విడదీసిన భాగం) ఉంటుంది, దాన్ని ఈఎఫ్‌ఐ పార్టిషన్ అంటారు. అందులో ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్, దాని లోపల ఒక్కో ఓఎస్‌కి ఒక్కో ఫోల్డర్. ఉబుంటు అనే ఫోల్డర్‌లో ఉబుంటుని మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రామ్ ఫైళ్లు, మైక్రోసాఫ్ట్ అనే ఫోల్డర్‌లో విండోస్ బూట్ మేనేజర్ ఉంటాయి. వీటిలో దేన్ని ముందు పిలవాలో చెప్పే జాబితా డిస్క్‌లో ఉండదు, మదర్‌బోర్డు మీది చిన్న మెమరీలో ఉంటుంది. విండోస్ ఇన్‌స్టాలర్ తన ఫైళ్లను అదే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఉబుంటు ఫోల్డర్ పక్కనే పెట్టుకుని, జాబితాలో తన పేరును మొదటి స్థానంలో రాసుకుంటుంది. ఉబుంటు ఫోల్డర్ జోలికి పోదు. మీ కోడ్ ఉన్న ఎక్స్‌టీ4 (ఉబుంటు వాడే ఫైల్ సిస్టమ్) పార్టిషన్ జోలికి అసలే పోదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పార్టిషన్ల స్క్రీన్‌లో మీరే డిలీట్ కొట్టి ఉంటే తప్ప.

అది నిర్ధారించుకోవడానికి విండోస్‌లోనే ఒక చోటు ఉంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డ్రైవ్ అక్షరం లేకుండా, ఫైల్ సిస్టమ్ పేరు లేకుండా ఒక పెద్ద పార్టిషన్ కనిపిస్తే అదే మీ ఉబుంటు. 350 జీబీ పరిసరాల్లో ఉండాలి. విండోస్‌కి ఎక్స్‌టీ4 చదవడం రాదు కాబట్టి ఏమీ లేనట్టు చూపిస్తుంది. ఎక్కడైనా "ఈ డ్రైవ్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి. ఎన్నిసార్లు అడిగినా క్యాన్సిలే. ఆ స్క్రీన్‌లో చూడడం వరకే, ఏదీ మార్చకండి.

ఇంకొక్క పని విండోస్‌లో ఉండగానే చేయండి, చాలామంది దీన్ని మర్చిపోయి తర్వాత ఏడుస్తారు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా విండోస్ 11 వేస్తే చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కి తాళం వేసే సదుపాయం) దానంతట అదే ఆన్ అవుతోంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద చూడండి. ఆన్‌లో ఉంటే, బూట్ సెట్టింగ్స్ మార్చగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే తీసి కాగితం మీద రాసుకోండి, లేదా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఉబుంటుని వెనక్కి తెచ్చుకునే తొందరలో విండోస్‌ని పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయం. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ నొక్కండి. నీలం స్క్రీన్ వస్తుంది. అందులో "యూజ్ ఎ డివైస్" అని ఉంటుంది, లోపలికి వెళ్తే ఉబుంటు పేరు కనిపించే అవకాశం ఎక్కువ. దాన్ని ఎంచుకుంటే మీ పాత డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. ఆ దారిలో కనిపించకపోతే ల్యాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీ నొక్కి చూడండి. డెల్, లెనోవో వాటిలో సాధారణంగా ఎఫ్12. హెచ్‌పీలో ముందు ఎస్కేప్, తర్వాత ఎఫ్9. ఆసుస్‌లో ఎస్కేప్ లేదా ఎఫ్8. ఏసర్‌లోనూ ఎఫ్12 కానీ, చాలా మోడళ్లలో ముందు బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి ఆ మెనూని ఆన్ చేయాలి.

ఉబుంటు వచ్చిందా? అయితే ముందు ప్రాజెక్టు కోడ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. మిగతా పనులన్నీ దాని తర్వాతే.

తర్వాత టెర్మినల్ తెరవండి. ఇక్కడ కమాండ్లను పలికే తీరులో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. "సుడో ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్" అని కొడితే మదర్‌బోర్డు దగ్గరున్న జాబితా మొత్తం వస్తుంది. బూట్ ఆర్డర్ అనే వరుసలో నాలుగేసి అంకెల సంఖ్యలు, కామాలతో ఉంటాయి. కింద ఒక్కో సంఖ్య ఎవరిదో ఉంటుంది. ఉదాహరణకి 0000 విండోస్ బూట్ మేనేజర్, 0003 ఉబుంటు అనుకోండి. అప్పుడు అదే కమాండ్ చివర మైనస్ ఓ పెట్టి, ఖాళీ వదిలి 0003,0000 అని ఇవ్వండి. జాబితాలో పెన్‌డ్రైవ్, నెట్‌వర్క్ వంటి మరికొన్ని సంఖ్యలుంటే వాటినీ వెనకాల చేర్చండి, వదిలేస్తే అవి వరుసలోంచి తప్పిపోతాయి. రీస్టార్ట్ చేస్తే ఉబుంటుయే ముందు వస్తుంది. ఇదే పనిని బయోస్ సెటప్‌లో బూట్ ఆర్డర్ పేజీలో కూడా చేయవచ్చు. మీలాంటి సమస్యతో నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువ మందికి పని ఇక్కడితోనే అయిపోయింది.

వరుస మార్చినా రీస్టార్ట్ చేయగానే మళ్లీ విండోస్ వస్తుంటే తప్పు మీది కాదు. కొన్ని ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేర్) ఈ వరుసను లెక్కచేయదు, విండోస్ బూట్ మేనేజర్ పేరు కనిపిస్తే దాన్నే పిలుస్తుంది. ముందు బయోస్‌లో ఓఎస్ బూట్ మేనేజర్ అనే విడి జాబితా ఉందేమో వెతకండి, కొన్నింట్లో లోపల దాక్కుని ఉంటుంది. అదీ లేకపోతే విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి బీసీడీఎడిట్ కమాండ్‌తో బూట్ మేనేజర్ దారిని ఉబుంటు ఫోల్డర్‌లోని షిమ్ ఫైల్ (గ్రబ్‌ని పిలిచే చిన్న ఫైల్) వైపు తిప్పవచ్చు. పవర్‌షెల్‌లో చేయకండి, అక్కడ మీసాల బ్రాకెట్లను వేరేగా అర్థం చేసుకుని ఎర్రర్ ఇస్తుంది. ఇది నాకు పెద్దగా ఇష్టం లేని దారి, ఎందుకంటే విండోస్ అప్‌డేట్ తర్వాత ఆ సెట్టింగ్ పాత స్థితికి పోవచ్చు. వేరే దారి లేనప్పుడే వాడండి.

బూట్ మెనూలో ఉబుంటు పేరే లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్ కావాలి, అంటే డిస్క్‌లో ఏమీ వేయకుండా నేరుగా ఉబుంటు నడిపే పెన్‌డ్రైవ్. ఉబుంటు ఐఎస్‌ఓని (ఇన్‌స్టాల్ చేయడానికి దించుకునే ఫైల్‌ని) పెన్‌డ్రైవ్‌లోకి రాసి, దాని నుంచి బూట్ చేసి, "ట్రై ఉబుంటు" ఎంచుకోండి. ఇన్‌స్టాల్ బటన్ వైపు వెళ్లకండి. మొదట ఒక్కటి చూడాలి: ఈ లైవ్ ఉబుంటు యూఈఎఫ్‌ఐ పద్ధతిలోనే బూట్ అయిందా అని. సిస్ ఫోల్డర్‌లో ఫర్మ్‌వేర్, దాని లోపల ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్ ఉంటే అయినట్టు. లేకపోతే పాత లెగసీ పద్ధతిలో బూట్ అయింది. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంటే, యూఈఎఫ్‌ఐ అని ముందు రాసి ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఈ ఒక్క విషయం చూసుకోక నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. గ్రబ్ ప్రతిసారీ ఎర్రర్ లేకుండా ఎక్కుతోంది, కానీ ఎక్కుతున్నది లెగసీ గ్రబ్, ల్యాప్‌టాప్ వెతుకుతున్నది యూఈఎఫ్‌ఐ గ్రబ్.

లైవ్‌లో "ఎల్‌ఎస్‌బీఎల్‌కే మైనస్ ఎఫ్" కొట్టి పార్టిషన్లు చూడండి. వీఫ్యాట్ అని ఉన్న చిన్నది ఈఎఫ్‌ఐ పార్టిషన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ విండోస్, ఎక్స్‌టీ4 మీ ఉబుంటు. మీ ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈ రకం అయితే వాటి పేర్లు ఎన్‌వీఎంఈ0ఎన్1పీ1, పీ2 అని ఉంటాయి. ఉదాహరణకి ఈఎఫ్‌ఐ పీ1, ఉబుంటు పీ2 అనుకుందాం. మీ దగ్గర అంకెలు వేరుగా ఉండవచ్చు, నా అంకెలు కాపీ కొట్టకండి. ఫైల్ మేనేజర్‌లో ఆ ఎక్స్‌టీ4 పార్టిషన్ మీద క్లిక్ చేస్తే హోమ్ ఫోల్డర్, అందులో మీ ఫైళ్లు కనిపిస్తాయి. ఇంతకుముందు కాపీ చేసుకోకపోతే ఇప్పుడు చేసుకోండి.

ఇక గ్రబ్‌ని తిరిగి ఎక్కించడం. పెన్‌డ్రైవ్ మీద నడుస్తున్న ఉబుంటులో కూర్చుని, డిస్క్‌లోని మీ ఉబుంటు లోపలికి వెళ్లి, అక్కడి నుంచే గ్రబ్ ఎక్కించాలి. దాన్ని సీహెచ్‌రూట్ అంటారు. పద్ధతి ఇదీ. పీ2ను ఎంఎన్‌టీ ఫోల్డర్ మీద మౌంట్ చేయండి, అంటే ఆ ఫోల్డర్ తెరిస్తే పీ2 కనిపించేలా తగిలించండి. పీ1ను ఎంఎన్‌టీ లోపలున్న బూట్ ఫోల్డర్‌లోని ఈఎఫ్‌ఐ మీద మౌంట్ చేయండి. లైవ్ ఉబుంటులోని డెవ్, ప్రాక్, సిస్, రన్ అనే నాలుగు ఫోల్డర్లను ఎంఎన్‌టీ లోపల అవే పేర్లున్న ఫోల్డర్లకు మౌంట్ మైనస్ మైనస్ ఆర్‌బైండ్‌తో కలపండి. తర్వాత "సుడో సీహెచ్‌రూట్ ఎంఎన్‌టీ", ఎంఎన్‌టీ ముందు స్లాష్ ఉండాలి. ఇప్పుడు మీరు మీ సొంత ఉబుంటులో రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) ఉన్నారు. "గ్రబ్-ఇన్‌స్టాల్" కొట్టండి, తర్వాత "అప్‌డేట్-గ్రబ్" కొట్టండి. మొదటిది ఫైళ్లను ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో పెట్టి మదర్‌బోర్డు జాబితాలో ఉబుంటు పేరు రాస్తుంది. రెండోది మెనూని తయారుచేస్తుంది.

ఆర్‌బైండ్ అన్నది ఊరికే కాదు. చాలా పాత గైడ్లలో ఉత్త బైండ్ అని ఉంటుంది, దానితో సిస్ లోపలున్న ఈఎఫ్‌ఐవార్స్ అనే చోటు అందదు. అప్పుడు "ఈఎఫ్‌ఐ వేరియబుల్స్ ఆర్ నాట్ సపోర్టెడ్ ఆన్ దిస్ సిస్టమ్" అని వస్తుంది. ఫైళ్లు డిస్క్‌లోకి వెళ్తాయి కానీ జాబితాలో పేరు ఎక్కదు. ఆర్‌బైండ్ పెట్టినా ఇదే వాక్యం వస్తే లైవ్ లెగసీ పద్ధతిలో బూట్ అయిందని అర్థం.

డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసుకుని ఉంటే, మౌంట్ చేసే ముందు క్రిప్ట్‌సెటప్‌తో పాస్‌వర్డ్ ఇచ్చి తెరవాలి. అలాంటప్పుడు బూట్ ఫోల్డర్ విడి పార్టిషన్‌గా ఉంటుంది, దాన్నీ దాని చోట మౌంట్ చేయడం మర్చిపోవద్దు. ఫెడోరా వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: యూఈఎఫ్‌ఐ మెషిన్లలో గ్రబ్2-ఇన్‌స్టాల్ వాడకండి. సీహెచ్‌రూట్‌లోకి వెళ్లి, డీఎన్‌ఎఫ్‌తో షిమ్, గ్రబ్2-ఈఎఫ్‌ఐ ప్యాకేజీలను రీఇన్‌స్టాల్ చేయడమే సరైన పద్ధతి. వాళ్ల రూట్ పార్టిషన్ సాధారణంగా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద ఉంటుంది కాబట్టి మౌంట్ చేసేటప్పుడు సబ్‌వాల్యూమ్ పేరు రూట్ అని ఇవ్వాలి.

ఇంతా చేశాక గ్రబ్ వస్తుంది, ఉబుంటు ఎంచుకుంటారు, ఒకటిన్నర నిమిషం కదలకుండా నిలబడి, చివరికి ఎమర్జెన్సీ మోడ్ అనే నల్ల స్క్రీన్ వస్తుంది. అందరికీ కాదు, కొందరికే. ఇక్కడ చాలామంది ఆశ వదిలేసుకుంటారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. విండోస్ వేసేటప్పుడు పాత ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని డిలీట్ చేసినా, ఫార్మాట్ చేసినా, దానికి కొత్త గుర్తింపు సంఖ్య వస్తుంది. యూయూఐడీ అంటారు. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కైతే నాలుగు, నాలుగు అక్షరాల చిన్న సంఖ్య, మధ్యలో గీత. మీ ఉబుంటులో ఈటీసీ ఫోల్డర్ లోపల ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్ ఉంటుంది, అందులో మాత్రం ఇంకా పాత సంఖ్యే ఉంది. బూట్ అయ్యేటప్పుడు ఉబుంటు ఆ పాత సంఖ్య ఉన్న పార్టిషన్ కోసం 90 సెకన్లు వెతికి, దొరక్క, ఆగిపోతుంది. చూసేవాళ్లకి అంతా పాడైపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి పాడైంది ఒక్క వరుస. లైవ్ నుంచి మళ్లీ సీహెచ్‌రూట్‌లోకి వెళ్లి, "బీఎల్‌కేఐడీ" కొట్టి కొత్త సంఖ్య చూసి, నానోతో ఎఫ్‌స్టాబ్ తెరిచి, బూట్ ఈఎఫ్‌ఐ అని ఉన్న వరుసలో పాత సంఖ్య తీసి కొత్తది రాయండి. సేవ్ చేసి రీస్టార్ట్ చేయండి. సీహెచ్‌రూట్‌లో ఉండగానే ఎఫ్‌స్టాబ్‌ని ఒకసారి చూసుకుంటే ఈ స్క్రీన్ మీకు కనిపించనే కనిపించదు.

అలా కాక, నల్ల స్క్రీన్ మీద "గ్రబ్ రెస్క్యూ" అని వచ్చిందంటే అది వేరే కథ. సాధారణంగా పార్టిషన్ల వరుస సంఖ్య మారిందన్నమాట, గ్రబ్‌కి తన మిగతా ఫైళ్లు ఎక్కడున్నాయో తెలియడం లేదు. "ఎల్‌ఎస్" కొట్టి ఒక్కో పార్టిషన్ వెతికి దారి చూపించవచ్చు కానీ, చేతిలో లైవ్ పెన్‌డ్రైవ్ ఉంటే పైన చెప్పిన సీహెచ్‌రూట్ పద్ధతే సులువు.

నిజంగానే ఎక్స్‌టీ4 పార్టిషన్ కనిపించకపోతే, ఇన్‌స్టాల్ సమయంలో డిలీట్ అయి ఉంటే, ఆ క్షణం నుంచి విండోస్‌ని ఆన్ చేయకండి. అది నడుస్తున్నంతసేపూ డిస్క్‌లో ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. లైవ్ నుంచి టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ నడిపితే పోయిన పార్టిషన్ మొదలు, చివర వెతికి పట్టుకుంటుంది. దాని మీద కొత్తగా ఏమీ రాయనంతవరకు ఫైళ్లు దొరికే ఆశ ఉంటుంది. అందులో రైట్ (డిస్క్ మీద రాయడం) అనే ఆప్షన్ నొక్కే ముందు ఫైళ్ల జాబితా చూసి, అక్కడి నుంచే వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవచ్చు. నేనైతే ముందు అదే చేస్తాను.

లెగసీ పద్ధతిలో బూట్ అయ్యే పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకి క్లుప్తంగా. వాటిలో విండోస్ వేస్తే డిస్క్ మొదటి 512 బైట్లలో ఉండే బూట్ కోడ్ మీదే తన కోడ్ రాసేస్తుంది, గ్రబ్ మొదటి ముక్క అక్కడ పోతుంది. సీహెచ్‌రూట్ అదే, ఈఎఫ్‌ఐ మౌంట్ అక్కర్లేదు. గ్రబ్-ఇన్‌స్టాల్ తర్వాత డిస్క్ పేరు ఇవ్వాలి, పార్టిషన్ పేరు కాదు. ఎస్‌డీఏ అనాలి, ఎస్‌డీఏ1 అనకూడదు.

సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే నడవనిచ్చే బయోస్ సెట్టింగ్) గురించి నెట్‌లో ఎక్కడ చూసినా "ముందు ఆఫ్ చేయి" అంటారు. ఉబుంటు షిమ్ ఫైల్‌కి మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది, కాబట్టి మామూలుగా ఆఫ్ చేయాల్సిన పనిలేదు. ఒక సందర్భం మాత్రం ఉంది. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ పాత షిమ్, గ్రబ్‌లను నమ్మకూడని జాబితాలో చేర్చింది. పాత లైవ్ పెన్‌డ్రైవ్‌లు, అప్‌డేట్ చేయని ఉబుంటులు ఆ దెబ్బకి ఆగిపోయాయి. స్క్రీన్ మీద "వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్" అని వస్తే అదే. లైవ్ పెన్‌డ్రైవ్ దగ్గర వస్తే కొత్త ఐఎస్‌ఓ దించుకుని మళ్లీ రాయండి. డిస్క్‌లోని ఉబుంటు దగ్గర వస్తే, పైన చెప్పిన 48 అంకెల కీ చేతిలో ఉంచుకుని సెక్యూర్ బూట్ ఆఫ్ చేయండి. ఉబుంటులోకి వెళ్లి అప్‌డేట్లన్నీ వేసుకోండి. "సుడో మోక్‌యుటిల్ మైనస్ మైనస్ సెట్-ఎస్‌బ్యాట్-పాలసీ డిలీట్" కొట్టి, మరోసారి ఉబుంటులోకే రీస్టార్ట్ అయ్యి, ఆ తర్వాత సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేయండి.

ఉబుంటు వచ్చాక గ్రబ్ మెనూలో విండోస్ కనిపించకపోతే అదీ మామూలే. గ్రబ్ 2.06 నుంచి పక్కనున్న ఓఎస్‌ల కోసం వెతికే ఓఎస్-ప్రోబర్‌ని డిఫాల్ట్‌గా ఆపేశారు. ఈటీసీలో డిఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైల్ తెరిచి, గ్రబ్ డిసేబుల్ ఓఎస్ ప్రోబర్ అనే వరుసని ఫాల్స్ అని మార్చి, సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. ఆ వరుస ఫైల్‌లో లేకపోతే పెద్ద అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్లు పెట్టి మీరే చేర్చండి. గ్రబ్ మెనూ నుంచి విండోస్‌లోకి వెళ్లినప్పుడల్లా రికవరీ కీ అడుగుతుంటే, విండోస్ కావలసినప్పుడు గ్రబ్ నుంచి కాకుండా బూట్ మెనూ కీతో నేరుగా వెళ్లండి.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు ఉబుంటు నుంచి విండోస్ డ్రైవ్‌ని తెరిస్తే చదవడానికే వస్తుంది, రాయనివ్వదు. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో "పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్" అంటే ఆగిపోతుంది.

గడియారం కూడా తప్పు చూపిస్తుంది, కంగారుపడకండి. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో మన టైమే రాస్తుంది, ఉబుంటు దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైమ్) అనుకుని మన దేశం లెక్క ప్రకారం అయిదున్నర గంటలు కలుపుతుంది. అందుకే ఇటు వచ్చినప్పుడు అయిదున్నర గంటలు ముందుకు, అటు వెళ్లినప్పుడు వెనక్కి కనిపిస్తుంది. ఉబుంటులో "టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1" కొడితే రెండూ ఒకే లెక్కకి వస్తాయి.

ముందుగా ఆ షిఫ్ట్ రీస్టార్ట్ చేసి చూడండి. ఉబుంటు పేరు కనిపించిందో లేదో చెప్పండి. కనిపించకపోతే లైవ్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే, ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ రెండూ కొట్టి, వచ్చినదంతా ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. మీ పార్టిషన్ల పేర్లతోనే కమాండ్లు రాసిస్తాను.